ఆడజట్టు కొలతలు

ఆవిడ కంటికి మనుషులు ఇంచీల్లో కనబడేవారు. ఎదురుగా వచ్చే మనిషి మంచివాడా చెడ్డవాడా అన్నది తర్వాతి సంగతి, ముందు వాడి భుజం పదిహేడున్నరా పద్దెనిమిదా అన్నది తేలిపోవాలి. మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతూ ఉండేది కాబట్టి అందరూ టేపమ్మ అనేవారు. అసలు పేరు షాపు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఆటసామాన్ల షాపులో మేడమీద ఆవిడ పని. కింద అద్దాల బీరువాల్లో కప్పులు, బంతులు, బూట్లు. ఇరుకు మెట్లు ఎక్కి వెళ్తే పైన ఆరు మిషన్లు, ఒకే ఒక్క కిటికీ, గదిలో సగం ఆక్రమించిన కటింగు బల్ల. ఆ బల్ల దగ్గర ఇరవై రెండేళ్ళుగా నిలబడి బట్ట కత్తిరిస్తోంది. మిషన్ల మీద కూర్చునే ఆడవాళ్ళకి ఆవిడంటే హడలు. కుట్టు వంకర పోతే విప్పించి ఊరుకునేది కాదు. "ఈ కుట్టు మీ ఆయన ఇంటికొచ్చే నడకలా ఉందే" అని అందరూ వినేలా అనేది. అందరూ నవ్వేవారు. అనిపించుకున్న మనిషి కూడా నవ్వాల్సిందే, నవ్వకపోతే రెండోది పడేది.

ఆ విద్య తండ్రి దగ్గర నేర్చుకున్నదే. ఆయనా కత్తెర పట్టిన మనిషే. కూతురికి పని నేర్పింది నోటితో కాదు, చెక్క స్కేలుతో. అర ఇంచీ తప్పితే వేలికణుపుల మీద ఒక దెబ్బ, ఇంచీ తప్పితే రెండు. పద్నాలుగేళ్ళు వచ్చేసరికి ఆవిడ తప్పడం మానేసింది. పనితోపాటు తండ్రి నోరు కూడా వచ్చేసింది. "కొలతకి మొహమాటం ఉండకూడదు" అనేవాడాయన. ఆవిడ కూడా అదే అనేది. ఆ మాట అనుకుంటే చాలు, ఎవరినైనా ఏమైనా అనెయ్యొచ్చు.

ఊళ్ళో ఫుట్‌బాల్ క్లబ్బుకి మగజట్టు ఒకటి, ఆడజట్టు ఒకటి. మగజట్టుకి ఏటా కొత్త బట్టలు వచ్చేవి. వాళ్ళు ఏడాదంతా చెమటోడ్చి వదిలేసినవి ఉతికి ఆడజట్టుకి ఇచ్చేవారు. చొక్కా వేసుకుంటే భుజం కుట్టు మోచేతి దాకా జారేది. చేతులు పైకి మూడు మడతలు పెట్టాలి. నిక్కర్లయితే మరీ అన్యాయం. మగవాడి నిక్కరు ఆడపిల్లకి నడుం దగ్గర వదులు, తొడల దగ్గర బిగుతు. నడుం దగ్గర మడిచి పిన్నీసు పెట్టుకుని, ఒక చెయ్యి నిక్కరు మీద ఉంచి పరిగెత్తేవారు. "వీళ్ళని ఆపడానికి ఫౌల్ అక్కర్లేదు, గట్టిగా గాలి వీస్తే చాలు" అని గట్టు మీద కూర్చున్నవాళ్ళు అనేవారు. ఒకసారి బంతి కోసం దూకిన గోల్‌కీపరు పొట్టలో పిన్నీసు దిగింది. నెత్తురు చూసి కూడా కొందరు నవ్వారు. కాకికేం తెలుసు ఎద్దు పుండు నొప్పి? ఆ తర్వాత రిఫరీలు గట్టిగా చెప్పేశారు, వచ్చే పోటీల నుంచి పిన్నీసు కనబడితే ఆడనివ్వమని.

అలా క్లబ్బు సెక్రటరీ ఒక ఉదయం షాపుకి వచ్చాడు. బట్టల దుకాణంలో బొమ్మలాగా ఇస్త్రీ మడత నలగని మనిషి. మెట్లెక్కి పైకొచ్చి, "మగవాళ్ళ చిన్న సైజు పదహారు జతలు కట్టించండమ్మా, ఆడపిల్లలకి" అన్నాడు.

టేపమ్మ కత్తెర కింద పెట్టలేదు. "ఆడపిల్లలంటే చిన్న మగాళ్ళు కాదు సెక్రటరీ గారూ."

"చొక్కా చొక్కాయే కదమ్మా."

"చెప్పు చెప్పే కదా అని మీ ఆవిడ చెప్పు వేసుకుని ఆఫీసుకి వెళ్తారా?"

మిషన్లు ఆరూ ఆగాయి. ఆయన ముఖం ఎర్రబడింది, నవ్వు తెచ్చుకున్నాడు. ఆవిడ బల్ల మీద ఒక పాత జత పరిచి చూపించింది. భుజం ఎక్కడ జారుతుందో, ఛాతీ దగ్గర ఎందుకు లాగుతుందో, చెయ్యెత్తితే పొట్ట ఎందుకు బయటపడుతుందో, కూర్చుని లేస్తే నిక్కరు కుట్టు ఎక్కడ కోస్తుందో వేలితో గీసి చెప్పింది. చంక కింద ఒక ముక్క వేరే వేస్తే చెయ్యి తేలిగ్గా లేస్తుందంది. నిక్కరుకి నడుం దగ్గర కాదు, సీటు దగ్గర గుడ్డ ఇవ్వాలంది. కుట్టుపనివాళ్ళు పిరుదుల చుట్టుకొలతని సీటు అంటారు.

"ఒక్కొక్కళ్ళనీ కొలవాలి. లేకపోతే నా చేత చేయించకండి."

ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నది వాదనకి కాదు, ఆ నోటికి. ఆరోజు టేపమ్మ ఎంత పొంగిపోయిందంటే, మధ్యాహ్నం ఎవరి కుట్టు వంకరపోయినా ఏమీ అనలేదు.

కొలతలు తియ్యడానికి ఆదివారం పొద్దున క్లబ్బుకి వెళ్ళింది. ఆడజట్టు బట్టలు మార్చుకునేది సామాన్ల గదిలో, వలలకీ సున్నం బస్తాలకీ మధ్య. అక్కడ దీపం లేదు. అందుకని పొడుగు హాల్లోనే కొలుద్దామని ఆవిడే అంది. హాలు తలుపు తెరిచే ఉంది. బయట మగజట్టు ప్రాక్టీసు అయిపోయి, కుళాయి దగ్గర నీళ్ళు తాగుతోంది. సెక్రటరీ ఒక పుస్తకం తీసుకుని కుర్చీలో కూర్చున్నాడు, "మీరు చెప్పండి, నేను రాస్తా" అని.

మొదట్నుంచీ ఆవిడ కొలత తీసే పద్ధతి అదే. టేపు చుట్టాలి, అంకె గట్టిగా చెప్పాలి, ఎవరో రాయాలి. ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. భుజం, ఛాతీ, నడుం, సీటు, తొడ. అంకెలు ఆ హాలు గోడలకి తగిలి మోగుతున్నాయి. పదిహేడేళ్ళ పిల్లలు సిగ్గుపడి ఒకరినొకరు గిల్లుకున్నారు. కుళాయి దగ్గర నీళ్ళు తాగడం ఎంతకీ అవడం లేదు.

ఆఖరున మిగిలింది గోడ అనే ఆమె. పదహారు మందిలో పెద్దది ఆవిడే, ముప్పై ఒకటి నిండాయి. తొమ్మిదేళ్ళుగా జట్టులో వెనకవరసలో ఆడుతోంది. ఆవిడని దాటి బంతి పోవడం కష్టం కాబట్టి గోడ అన్నారు, చిన్నపిల్లలు గోడక్క అనేవారు. ఆసుపత్రి లాండ్రీలో పని. తడిసిన దుప్పట్లు డ్రమ్ములోంచి ఎత్తి ఎత్తి భుజాలు, నడుము, తొడలు అన్నీ దిట్టంగా తయారయ్యాయి. మిగతావాళ్ళ కొలతలు అవుతున్నంతసేపూ ఆవిడ హాలు మూలన చేతులు కట్టుకుని నిలబడింది.

"నావి నేను రాసి ఇస్తాలెండి, టేపమ్మా" అంది.

"నువ్వు రాసిస్తే నీకు నచ్చిన కొలత వస్తుంది, నీకు పట్టే కొలత రాదు. రా."

"పోనీ లోపలికి వెళ్దాం."

"లోపల చీకటి. నా దగ్గర లేనిదేమన్నా నీ దగ్గర ఉందా ఏంటి? చేతులెత్తు."

గోడ చేతులెత్తింది. టేపమ్మ భుజం చెప్పింది, ఛాతీ చెప్పింది, నడుం చెప్పింది. టేపు కిందికి దింపి చుట్టింది. అంకె చూసి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "సీటు నలభై ఆరు" అంది.

సెక్రటరీ పెన్ను ఎత్తాడు. "ఎంతా?"

ఆయనకి వినబడిందని టేపమ్మకి తెలుసు. ఆ ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. హాల్లో పిల్లలు పెదాలు బిగపట్టారు. పదిమంది నవ్వడానికి సిద్ధంగా ఉన్న చోట ఊరుకోవడం ఆవిడకి ఎప్పుడూ చేతకాలేదు.

"నలభై ఆరు" అంది ఇంకా గట్టిగా. గోడ వైపు తిరిగి, "భయపడకమ్మా, నా టేపు అరవై దాకా ఉంది" అంది.

హాలంతా నవ్వింది. కుళాయి దగ్గర ఎవడో నీళ్ళు పుక్కిలించినట్టుగా నవ్వాడు. గోడ కూడా నవ్వింది. అందరితోపాటు నవ్వి, చేతులు దించి, బయటికి వెళ్ళి చెప్పులు వేసుకుంది.

తర్వాత మూడు వారాలు టేపమ్మ ఆ పదహారు జతల మీదే ప్రాణం పెట్టింది. అందులో అనుమానం లేదు. ఒకమ్మాయికి కుడి భుజం ఎడమ భుజం కన్నా అర ఇంచీ దిగువ, దానికి తగ్గట్టు కత్తిరించింది. గోల్‌కీపరుకి మోచేతుల దగ్గర రెండు పొరలు వేసింది. గోడ నిక్కరుకి మటుకు మూడుసార్లు కాగితం నమూనా మార్చింది. కాళ్ళ మధ్య పలకలా కత్తిరించిన గుడ్డముక్క ఒకటి వేసి, ఎలాస్టిక్కు చర్మానికి తగలకుండా గుడ్డలో మూసేసి, కూర్చున్నా లేచినా పక్కకి దూకినా ఎక్కడా లాగకుండా చేసింది. అలాంటి నిక్కరు మగజట్టులో ఏ ఒక్కడికీ లేదు.

ఎవరి జత ఎవరిదో తెలియడానికి ఒక కాగితం మీద చొక్కా నంబరు, ఆడే చోటు, పక్కన అయిదు కొలతలు, గుండ్రటి అక్షరాలతో రాసింది. గీతలు స్కేలుతో కొట్టింది. మూటతోపాటు తీసుకెళ్ళి సెక్రటరీ చేతికిచ్చి, "ఇది చూసి పంచండి" అంది.

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. హాల్లో నోటీసుబోర్డు దగ్గరికి వెళ్ళి నాలుగు మూలలా గుండుసూదులు గుచ్చాడు. "ఎవరిది వాళ్ళు చూసుకుని తీసుకుంటారు. నేను ఎక్కడ పంచుతూ కూర్చుంటా?"

టేపమ్మ చూసింది. అప్పుడే లోపలికొచ్చిన మగజట్టువాళ్ళు ఇద్దరు బోర్డు ముందు ఆగి చదవడం కూడా చూసింది. అందులో ఒకడు వేలు పెట్టి రెండోవాడికి ఏదో చూపించాడు. తన దస్తూరీ చూసి మెచ్చుకుంటున్నారనుకుంది. అలా అనుకోవడం హాయిగా ఉంది కాబట్టి అలాగే అనుకుంటూ ఇంటికెళ్ళిపోయింది.

మొదటి మ్యాచి ఎండపూట. మొగుడు రానన్నాడు. ఆయన బస్సు డిపోలో లెడ్జర్ల దగ్గర పని చేసి మానేసిన మనిషి, పేపరు దించకుండానే, "ఆడవాళ్ళు బంతి తన్నుకుంటే చూడ్డానికి ఈ ఎండలోనా" అన్నాడు. ఆవిడ ఒక్కతే వెళ్ళి సిమెంటు మెట్ల మీద మూడోవరసలో కూర్చుంది.

పదకొండుమందీ మైదానంలోకి వచ్చేసరికి టేపమ్మ ఒక్కొక్కరినీ పైనుంచి కిందిదాకా చూసింది. ఒక్క చొక్కా జారలేదు. ఒక్క చెయ్యి నిక్కరు మీద లేదు. గోడ అయిదో నంబరు వేసుకుని ఒకసారి గొంతుక్కూర్చుని లేచింది, రెండు పక్కలకీ కాళ్ళు చాపింది, ఎక్కడా పట్టలేదని తెలిసి తల ఊపుకుంది. ఆ తల ఊపు చూడటానికే వచ్చినట్టయింది టేపమ్మకి.

ఆట మొదలైన పది నిమిషాలకి ఎడమ పక్క మెట్ల మీంచి, మగజట్టు కూర్చున్న చోటు నుంచి, ఒక కేక వచ్చింది. "నలభై ఆరు."

ఏ నంబరో అనుకుని ఆవిడ మైదానంలోకి చూసింది. అంత పెద్ద నంబరు ఎవరి వీపు మీదా లేదు.

"అయిదు కాదురా అది, నలభై ఆరు" అని ఇంకొకడు. ఈసారి నలుగురు అందుకున్నారు. గోడ బంతి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా చప్పట్లు కొడుతూ, నలభై ఆరు, నలభై ఆరు. అవతలి ఊరివాళ్ళకి సంగతి తెలియకపోయినా పాట బాగుందని కలిశారు. "లారీ వెనక్కొస్తోంది, జరగండి" అన్నాడొకడు. ఆడవాళ్ళు కూడా నవ్వారు. ఒకావిడ తన ఒళ్ళో పిల్లకి ఆ అంకె నేర్పించింది.

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. గోడ మొదటి సగం అంతా ఆడింది. రెండుసార్లు గోలు ఆపింది. నేల మీద పడుకుని బంతిని తన్నేసినప్పుడు మెట్ల మీద అందరూ భూకంపం వచ్చినట్టు ఊగారు. అప్పట్నుంచి ఆవిడ కింద పడటం మానేసింది. నిలబడే కాలు చాపడం మొదలుపెట్టింది.

టేపమ్మ లేచి మెట్ల వెంబడి ఎడమ పక్కకి వెళ్ళింది. కేకలు పెడుతున్నవాడి ముందు నిలబడి, "నోరు ముయ్యరా" అంది.

వాడు మర్యాదగానే లేచి నిలబడ్డాడు. "మేం సొంతంగా ఏమీ అనట్లేదండీ. మీరు రాసిందే చదువుతున్నాం."

చుట్టూ ఉన్నవాళ్ళు పడిపడి నవ్వారు. టేపమ్మ వచ్చిన దారినే వెళ్ళి మళ్ళీ మూడోవరసలో కూర్చుంది.

రెండో సగంలో అవతలి జట్టు పిల్ల బంతితో గోడ పక్కనుంచే దూసుకెళ్ళింది. నేల మీద జారి కాలు అడ్డం పెట్టి ఉంటే ఆగేదే. గోడ జారలేదు. గోలు అయింది. సొంత జట్టులో ఒకమ్మాయి కోపం పట్టలేక, "పడితే ఏమయ్యేది, నేల విరుగుతుందా?" అనేసింది.

గోడ వెనక్కి తిరిగింది. రిఫరీ దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పి మైదానం దాటి సామాన్ల గదిలోకి వెళ్ళింది. అయిదు నిమిషాల్లో సొంత బట్టల్లో బయటికొచ్చింది. వెనక గేటు ఉన్నా అటు వెళ్ళలేదు, మెట్ల ముందు నుంచే, ఆ కేకల ముందు నుంచే, వడివడిగా కాకుండా మామూలుగా నడుచుకుంటూ పెద్దగేటు దాటి వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళు ఇంకో రెండు గోలులు తిన్నారు.

టేపమ్మ సామాన్ల గదిలోకి వెళ్ళింది. అయిదో నంబరు చొక్కా, నిక్కరు సున్నం బస్తా మీద మడతపెట్టి ఉన్నాయి. ఆసుపత్రి దుప్పట్లు మడతపెట్టే చేతులు, అంచుకి అంచు సరిగ్గా కలిసింది. ఆ మడత తీసుకుని హాల్లోకొచ్చి బోర్డు మీది కాగితం లాగేసింది. అయిదో నంబరు వరసకి చుట్టూ ఎర్ర పెన్సిలుతో గీసి, పక్కన ఏదో బొమ్మ కూడా వేసి ఉంది.

దాన్ని తీసుకెళ్ళి ముందు పెడితే సెక్రటరీ లెక్కలేనట్టు చూశాడు. "నన్నంటారేంటమ్మా? నేను చిన్న సైజు పదహారు చాలన్నా. కొలవాల్సిందేనని కూర్చుంది మీరు. గట్టిగా చెప్పింది మీరు. రాసింది కూడా మీరే. నావి నాలుగు గుండుసూదులు."

ఆ మాటలో ఒక్క అబద్ధం లేదు. అదే ఆవిడని చంపింది.

రెండు రోజులు ఆగి, షాపుకి సెలవు పెట్టి, ఆసుపత్రి వెనక లాండ్రీకి వెళ్ళింది. పొడుగాటి రేకుల షెడ్డు. ఒక పక్క ఉతికే డ్రమ్ములు తిరుగుతున్నాయి, ఇంకో పక్క ఇస్త్రీ బల్లలు, మధ్యలో ఆవిరి. ఎనిమిది మంది పని చేస్తున్నారు, ఇద్దరు మగవాళ్ళు. గోడ డ్రమ్ములోంచి తడి దుప్పట్లు బండిలోకి లాగుతోంది. టేపమ్మని చూసి ఆగలేదు.

"నీ బట్టలు తెచ్చాను" అంది టేపమ్మ.

"నావి కాదు. క్లబ్బువి."

"తప్పయింది. ఆరోజు అలా అనకుండా ఉండాల్సింది. ఆ కాగితం..."

గోడ దుప్పటి వదిలేసి తడి చేతులు తుడుచుకుంది. "తప్పయిందని నాతో ఎందుకు గొణుగుతున్నావ్? ఆరోజు అంత గట్టిగా వినబడింది కదా నీ గొంతు."

టేపమ్మ గొంతు పెంచి, "నాదే తప్పు" అంది. ఇస్త్రీ బల్లల దగ్గర తలలు లేచాయి.

"ఆ టేపు ఇటివ్వు" అంది గోడ.

టేపమ్మ మెడలోంచి తీసి ఇచ్చింది. ఏం జరగబోతోందో ఆవిడకి అర్థమయింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోవచ్చు. ఎవరూ పట్టుకోలేదు. అయినా నిలబడింది. పడాల్సిన దెబ్బ పడితే పోతుందని, తండ్రి స్కేలు కింద చెయ్యి చాపినప్పటి అలవాటు అది.

"చేతులెత్తు" అంది గోడ.

ఎత్తింది. గోడ భుజం కొలిచి అంకె అరిచింది. ఇస్త్రీ చేసే ఒకామె సరదాగా సుద్దముక్క తీసుకుని ఇనుప తలుపు మీద రాసింది. గోడకి కొలవడం రాదు, టేపు వదులుగా పట్టుకుంటోంది. టేపమ్మకి సరిచెయ్యాలనిపించింది. తర్వాత ఛాతీ. గోడ వెనకనుంచి టేపు చుట్టి ముందుకి లాగి బిగించింది. ఎడమ పక్క టేపు లోపలికి దిగిపోయింది.

ఆరేళ్ళ కిందట టేపమ్మకి ఎడమ రొమ్ము తీసేశారు. ఆవిడ ఎందుకు నెల రోజులు కనబడలేదో షాపులో ఎవరికీ తెలియదు, గర్భసంచి ఆపరేషన్ అని చెప్పింది. దూది, మెత్తటి గుడ్డ, నాలుగు వరసల కుట్టు వేసి తనకి తానే ఒక మెత్త తయారుచేసుకుంది. కొలతకి అచ్చం కుదిరింది. తెలిసింది మొగుడికి ఒక్కడికే. ఆయన ఆసుపత్రి నుంచి తీసుకొచ్చిన రోజే తన మంచం ముందుగదిలోకి మార్చుకున్నాడు, "నీకు విశాలంగా ఉంటుందిలే" అని. మళ్ళీ లోపలికి మార్చలేదు.

గోడ చెయ్యి ఆగింది. రోజూ ఆసుపత్రి బట్టలు చూసే మనిషి, ఆవిడకి విడమరిచి చెప్పక్కర్లేదు. టేపు పట్టుకున్న వేళ్ళు ఒకసారి మెత్త మీద నొక్కి చూశాయి. ఇద్దరి ముఖాలూ జానెడు దూరంలో ఉన్నాయి. టేపమ్మ ఆ కళ్ళలోకి చూసి తల కొద్దిగా అడ్డంగా ఊపింది. వద్దని.

ఆ క్షణంలో గోడ ఆగిపోవచ్చు. ఏదో ఒక అంకె చెప్పేసి టేపు వదిలెయ్యొచ్చు.

"ముప్పై ఆరు" అని అరిచింది. "అందులో సగం దూది."

మగవాళ్ళలో ఒకడు నవ్వాడు. సుద్దముక్క పట్టుకున్నామె కూడా నవ్వబోయి, టేపమ్మ చెయ్యి గుండె మీదికి వెళ్ళడం చూసి, ఆగిపోయింది. డ్రమ్ములు తిరుగుతూనే ఉన్నాయి.

టేపమ్మ చేతులు దించింది. "అయిందా?"

"అయింది."

"ఇక సరేనా?"

"ఎలా సరి అవుతుంది?" అంది గోడ. గొంతు తగ్గింది కానీ మెత్తబడలేదు. "ఇక్కడ ఎనిమిది మందే ఉన్నారు."

టేపు ఆవిడ చేతిలో పెట్టి, బండి తోసుకుంటూ ఆవిరిలోకి వెళ్ళిపోయింది.

ఎనిమిది మంది చాలు. వారం తిరక్కుండా ఆ మాట ఆసుపత్రి గేటు దాటి, బస్సెక్కి, షాపు మెట్లెక్కింది. టేపమ్మ పైకొచ్చేసరికి మిషన్ల దగ్గర మాటలు ఆగిపోయేవి. ఒకరోజు మెట్ల మీద ఉండగానే వినబడింది, "దూదమ్మ వస్తోంది, సర్దుకోండి." అన్నది ఎవరో గొంతు బట్టి తెలిసింది. మొగుడి నడకలాంటి కుట్టు అని ఆవిడ ఎవరినైతే అందో ఆ మనిషే. టేపమ్మ లోపలికొచ్చి కత్తెర తీసుకుంది. ఆవిడ ఏదో అంటుందని ఆరుగురూ ఎదురుచూశారు. ఏమీ అనకపోయేసరికి వాళ్ళకి ఇంకా ధైర్యం వచ్చింది. మర్నాటి నుంచి దూదికి సంబంధించిన మాట లేకుండా పూట గడిచేది కాదు. ఒకరు తలగడలో దూది తక్కువైందనేవారు, ఇంకొకరు ఎక్కడ దొరుకుతుందో తెలుసుగా అనేవారు. ఆవిడ కూడా నవ్వాల్సి వచ్చింది. రెండుసార్లు నవ్వింది, మూడోసారి చేతకాక కిటికీ వైపు తిరిగింది.

ఇంట్లో మొగుడికీ తెలిసింది. "ఎవరడిగారని అక్కడికి వెళ్ళావు? పరువు మిగిలిందేదన్నా ఉంటే అది కూడా ఇచ్చొచ్చావ్" అన్నాడు.

"జనానికి గర్భసంచి అనే చెప్పమన్నారు కదా మీరు. అదే చెప్తూ ఉండండి" అంది.

గోడ మళ్ళీ ఆడలేదు. తొమ్మిదేళ్ళ ఆట ఒక మధ్యాహ్నంతో ఆగిపోయింది. టేపమ్మ రెండుసార్లు కబురు పంపింది, జవాబు రాలేదు. ఒకసారి బస్సులో ఎదురుపడ్డారు. పక్కన ఖాళీ ఉన్నా గోడ నిలబడే ప్రయాణం చేసింది. ఆవిడ నడుం ఒక ఇంచీ పెరిగిందని టేపమ్మ కళ్ళు చెప్పాయి. కళ్ళు మూసుకుంది.

మరుసటి ఏడు పోటీలకి ముందు సెక్రటరీ ఒక సంచీ పట్టుకొచ్చాడు, వెనక ఒక సన్నటి పిల్ల. లాండ్రీ నుంచి వస్తూ టేపమ్మ క్లబ్బులో వదిలేసిన అయిదో నంబరు జత సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈ అమ్మాయి కొత్తగా చేరింది. ఇది బిగించి ఇవ్వండి. ఒక్క మ్యాచి కూడా నిండా ఆడలేదు, గుడ్డ కొత్తదిలాగే ఉంది."

"ఈ పిల్లకి కొత్తది కుడతాను. ఇది ఉండనివ్వండి."

"ఎవరి కోసం ఉంచాలమ్మా?"

గోడ ఇక తిరిగి రాదని టేపమ్మకీ తెలుసు. ఆయన్ని కిందికి వెళ్ళమంది. మిషన్ల మీద ఉన్న ఆరుగుర్నీ కూడా బయటికి వెళ్ళమంది. "ఎందుకు, ఇప్పుడు చాటేంటి?" అని సణుక్కుంటూ మెట్లు దిగారు. తలుపు గడియ పెట్టి, కిటికీ మూసి, పిల్లని కొలిచింది. ఒక్క అంకె కూడా పైకి చెప్పలేదు. ప్రతిదీ చిన్న కాగితం మీద తనే రాసుకుంది.

"ఎంతుందండీ?" అని పిల్ల అడిగింది.

"నీకు పట్టేంత ఉంది. కదలకు."

పిల్ల బల్ల మీది నిక్కరు తీసి తన నడుంకి అడ్డం పెట్టుకుంది. రెండు పక్కలా చాలా మిగిలింది. "ఇది ఆ నలభై ఆరు ఆంటీదా?" అని కిలకిలా నవ్వింది. "ఇందులో మా చెల్లి కూడా పడుతుంది."

టేపమ్మ పిల్ల ముఖంలోకి చూసింది. పదహారేళ్ళుంటాయేమో. ఆ పాట ఊళ్ళో అందరికీ వచ్చు, ఈ పిల్లకి గోడని చూసిన గుర్తు కూడా ఉండదు. కొట్టాలనిపించింది. ఒకప్పుడైతే ఒక్క మాటతో ఏడిపించి పంపేది, పిల్ల మోకాళ్ళు చూస్తే ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మింగేసింది.

"ఆవిడ తొమ్మిదేళ్ళు ఆడింది. ఆవిడని దాటి బంతి పోయేది కాదు" అంది.

"మరి ఎందుకు మానేసింది?"

"నేను మాన్పించాను" అంది టేపమ్మ.

పిల్ల ఇది హాస్యమేమో అనుకుని సగం నవ్వింది. టేపమ్మ కాగితం జేబులో పెట్టుకుని గడియ తీసింది.

వాళ్ళు వెళ్ళాక నిక్కరు బల్ల మీద పరిచి కుట్లు విప్పడం మొదలుపెట్టింది. గట్టి కుట్టు, తను వేయించిందే, ఒక పట్టాన రాలేదు. లోపలి పలక ముక్క తీసేసింది, ఈ పిల్లకి అంత అక్కర్లేదు. పక్కలు రెండూ సుద్దతో గీసి కత్తిరించింది. మిగిలిన గుడ్డ రెండు పెద్ద చంద్రవంకల్లా బల్ల మీద పడింది. మిషన్ల దగ్గరికి తిరిగొచ్చిన వాళ్ళలో ఒకామె వాటిని ఎత్తి చూసి, "మెత్తకి పనికొస్తాయి, ఉంచుకోండి" అంది. మిగతా అయిదుగురూ నవ్వారు.

టేపమ్మ ఆ ముక్కలు తీసుకుని చెత్తబుట్టలో వేసి, చొక్కా భుజం కుట్టు విప్పడానికి కూర్చుంది. సాయంత్రానికల్లా జత తయారైంది. పిల్ల వచ్చి వేసుకుని చూసుకుంది, చేతులెత్తింది, గొంతుక్కూర్చుని లేచింది, ఎక్కడా లాగలేదు. సంబరంగా మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగిపోయింది.